తెర మీది తరగతిలో హ్రస్వమా, దీర్ఘమా?



వీడియో తరగతి నడిపే సాఫ్ట్‌వేర్‌లో నెట్‌వర్క్ అమరికలు ఎలా ఉండాలన్నది ఈనాటి విషయం. "అది కంప్యూటర్ మాస్టారు చూసుకునే పని కదా, తెలుగు పంతులమ్మకు ఎందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది పొరపాటని నాకు నేర్పింది నాలుగవ తరగతి చదివే ఒక అమ్మాయి.

2020 మార్చి చివరలో దేశమంతటా లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడిన సంగతి మీకు తెలుసు. ఆ ఏడాది జూన్‌లో నేను దాదర్‌లోని మా ఇంటి నుంచి ఫోన్‌లో పాఠం చెబుతున్నాను. నాయ్‌గావ్ చాల్‌లోని ఒక గది నుంచి ఆ అమ్మాయి పద్యం అప్పగిస్తున్నది. ఒక మాట దగ్గర ఆపి, "అక్కడ దీర్ఘం లేదమ్మా, మళ్లీ చదువు" అన్నాను. చదివింది. మళ్లీ దీర్ఘమే వినిపించింది. మళ్లీ ఆపాను. మూడవసారికి పిల్ల గొంతు సన్నబడిపోయింది. మరుసటి వారం తరగతిలో పేరు పిలిస్తే జవాబు లేదు. ఆ సాయంత్రం ఆమె తల్లి ఒక శబ్ద సందేశం పంపి, "టీచరమ్మా, పిల్ల మంచిగనే సదువుతున్నది, మీరే ఒక్కసారి వినుండ్రి" అన్నది. విన్నాను. అదే పద్యం, అదే గొంతు. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా, ముత్యాల్లా ఉన్నాయి. తప్పు పిల్ల నోట లేదు, మా ఇద్దరి మధ్యనున్న దారిలో ఉన్నది. దానికి మాట పడింది మాత్రం ఆ పిల్ల.

ఆ రోజు నుంచి ఆ దారి ఎలా ఉంటుందో తెలుసుకునే పనిలో పడ్డాను. తెలిసినవారిని అడిగాను, చదివాను, తప్పులు చేసి దిద్దుకున్నాను. దానివల్ల నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. తెర మీది తెలుగు తరగతిలో నెట్‌వర్క్ అమరిక అనేది పాఠంలో భాగం. నల్లబల్లను తడిగుడ్డతో తుడవడం, సుద్దముక్క చూసుకోవడం ఎలా మన పనో, ఇదీ అలాగే మన పని. ఆ అమరికలో ముందు మాటకు చోటు ఇవ్వాలి, ముఖానికి తరువాత. నేడు చాలా చోట్ల దీనికి సరిగ్గా విరుద్ధంగా జరుగుతున్నది.

బడులు తెరిచి ఏళ్లయింది కదా, ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకని అడగవచ్చు. మన బడుల సంగతి వేరు. 18వ శతాబ్ది చివరి నుంచి నిజాం రాజ్యపు పల్లెలను వదిలి వచ్చిన కామాటీలు ఈ నగరానికి ఇళ్లు, రోడ్లు కడుతూ ఒక చోట స్థిరపడ్డారు. కామాటిపుర అన్న పేరు వారిదే. ఆ తరువాత పద్మశాలీలు వచ్చి మిల్లుల మగ్గాల మీద పనిచేస్తూ వర్లీ, పరేల్, నాయ్‌గావ్ చాళ్లలో కాపురాలు పెట్టారు. పిల్లలు చాల్ మెట్లు దిగి నడిచి తెలుగు బడికి వచ్చేవారు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కుటుంబాలు కల్యాణ్ వైపు, విరార్ వైపు, నవీ ముంబయి వైపు చెదిరిపోయాయి. ఇప్పుడు బి.డి.డి. చాళ్ల పునర్నిర్మాణం సాగుతున్నది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. పని పూర్తయ్యేదాకా తక్కినవారిలో చాలామంది ఎక్కడెక్కడో అద్దె ఇళ్లలో ఉండక తప్పదు. విరార్‌లో ఉన్న పిల్ల దాదర్‌కు రావాలంటే లోకల్ బండిలో పోను గంటకు పైగా, రాను గంటకు పైగా పడుతుంది. చిన్న పిల్లను ఆ రద్దీలో ఎవరు పంపుతారు? కనుక చెదిరిన పిల్లలకు శనివారం నాటి తెర మీది తరగతే తెలుగుతో మిగిలిన పోగు. ఆ పోగు తెగితే ముడి వేయడానికి మనకు రెండవ అవకాశం ఉండదు.

ఇక విషయానికి వద్దాం. మనం పలికిన మాటను ఫోన్ చిన్న చిన్న ముక్కలుగా కోసి, పొట్లాలు కట్టి పంపుతుంది. ఒక్కో పొట్లంలో ఉండేది సాధారణంగా సెకనులో యాభయ్యవ వంతు శబ్దం. పొట్లాలు పంపడానికి రెండు పద్ధతులున్నాయి. కట్టడం పని దగ్గర ఇటుకలను చేతి నుంచి చేతికి అందించే వరుసను మీరు చూసి ఉంటారు. మన కామాటీల ఇళ్లలో ఇది తెలియనివారు లేరు. వరుసలో ఒక ఇటుక జారిపడితే, దానిని తీసి మళ్లీ అందించేవరకు వెనకవాళ్లంతా ఆగడం ఒక పద్ధతి. దీనిని టీసీపీ అంటారు. జారినదానిని వదిలేసి తరువాతి ఇటుకను అందించడం రెండవ పద్ధతి. దీనిని యూడీపీ అంటారు. పుస్తకం పంపాలంటే మొదటిది మంచిది, అందులో ఒక్క అక్షరమైనా పోకూడదు. మాట పంపాలంటే రెండవది మంచిది. మాట సమయానికి రావాలి. సంభాషణ ముందుకు సాగిన తరువాత వచ్చిన శబ్దంతో ఎవరికీ పని లేదు.

అయితే రెండవ పద్ధతిలో జారిన పొట్లం చోట ఖాళీ ఏర్పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని అలాగే వదలదు. అంతకు ముందు వినిపించిన శబ్దాన్ని కొంచెం సాగదీసి గోతిని పూడుస్తుంది. పొట్లాలు ఆలస్యంగా వస్తున్నా, చేతిలో ఉన్న శబ్దాన్నే సాగదీస్తూ సమయం గడుపుతుంది. తరువాత అవన్నీ ఒక్కసారిగా వచ్చిపడితే, కుదించి తొందరగా వినిపించేస్తుంది. మామూలు సంభాషణలో ఇది మనకు తెలియనే తెలియదు, అంత నేర్పుగా చేస్తుంది. కాని తెలుగు నేర్పే తరగతిలో ఇది చేసే హాని చూడండి. ఇంగ్లీషులో పొట్టి అచ్చుకు, పొడుగు అచ్చుకు నిడివితో పాటు శబ్దంలోనే తేడా ఉంటుంది. మనకు ప్రధానంగా నిడివే తేడా. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు. మాత్ర అంటే కాలమే కదా! కాలాన్ని సాగదీసే యంత్రం మధ్యలో ఉన్నప్పుడు "పడు" అన్నది "పాడు"గా వినిపించవచ్చు. "గడ్డి"లోని ద్విత్వం నాలుకను పట్టి ఉంచే చిన్న విరామం. దానిని కుదిస్తే అది "గడి" కావచ్చు. నాలుగవ తరగతి అమ్మాయిని నేను మూడుసార్లు ఆపింది ఈ మాయ వల్లనే.

రెండవ హాని చప్పుళ్లను అణచే అమరిక వల్ల కలుగుతుంది. కుక్కర్ కూత, నల్లా దగ్గర బిందెల చప్పుడు, వరండాలో పిల్లల ఆటలు వినిపించకుండా ఈ సాఫ్ట్‌వేర్లు గొంతును మాత్రమే వదిలి తక్కినవి తొక్కిపెడతాయి. మంచిదే. కాని దానిని మరీ ఎక్కువగా పెడితే మెల్లగా పలికిన శబ్దాన్ని కూడా చప్పుడుగా భావించి తినేస్తుంది. తెలుగు మాట చివర ఉండేది అచ్చు, అందులోనూ మెల్లగా పలికే ఉకారం ఎక్కువ. మరాఠీ, హిందీల మధ్య పెరిగే మన పిల్లలు ఇప్పటికే "రాముడ్", "వచ్చాడ్" అంటూ చివరి అచ్చును మింగుతున్నారు. సాఫ్ట్‌వేర్ కూడా మింగితే, సరిగా పలికే పిల్లకు, మింగే పిల్లకు తేడా మనకు తెలియదు. అంతకంటే ముఖ్యంగా, మనం పలికిన ఉకారం పిల్లకు చేరదు. వినని శబ్దాన్ని ఏ పిల్ల పలుకుతుంది?

మూడవది చెవిలో పెట్టుకునే పరికరం. తీగ లేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాట వినిపించేటప్పుడు ఒక రకంగా, మైకు కూడా వాడవలసినప్పుడు మరొక రకంగా పనిచేస్తాయి. మైకు తెరుచుకున్న క్షణం నుంచి చాలా పరికరాలలో శబ్దపు వెడల్పు తగ్గిపోతుంది. పాత టెలిఫోన్‌లో విన్నట్లు ఉంటుంది. అప్పుడు ముందుగా దెబ్బ తినేవి ఊష్మాలు. శ, ష, స ఒక్కటే అయిపోతాయి. వంద రూపాయల తీగ ఇయర్‌ఫోన్ ఈ విషయంలో వేల రూపాయల బ్లూటూత్ కంటే మేలు.

ఈ మూడు హానులకు తోడు మనం చేతులారా తెచ్చిపెట్టుకుంటున్న నాలుగవది కెమెరా. "కెమెరా పెట్టనివారికి హాజరు లేదు" అన్న నియమం ఎన్నో తరగతులలో విన్నాను. నేనూ 2020లో కొన్నాళ్లు పెట్టాను. లెక్క చూడండి. బృంద సమావేశంలో నాణ్యమైన వీడియో అందుకోవడానికి సెకనుకు సుమారు 600 కిలోబిట్లు కావాలని జూమ్ చెబుతుంది. మాటకు మాత్రమైతే 60 నుంచి 100 చాలు. నలభై నిమిషాల తరగతికి వీడియో 180 మెగాబైట్లు అవుతుంది. మాటను 80గా తీసుకుంటే 24 మెగాబైట్లు. అంటే ఏడున్నర రెట్లు తేడా. పిల్ల తన కెమెరా కూడా పెడితే పంపే ఖర్చు వేరు. ఇంట్లో ఒక్క ఫోన్, దానిలో రోజుకు ఒకటిన్నర జీబీ, చదివే పిల్లలు ముగ్గురు ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఈ అంకెలు మళ్లీ చదవండి.

డేటా ఒక్కటే కాదు, దారి ఇరుకు కూడా ఉన్నది. ఉపాధ్యాయురాలు, 20 మంది పిల్లలు, మొత్తం 21 మంది కెమెరాలు పెట్టారనుకోండి. ఒక్కొక్కరికి తక్కిన ఇరవై మంది బొమ్మలు వెళ్లాలి. మొత్తం 420 ప్రవాహాలు. ఉపాధ్యాయురాలి కెమెరా ఒక్కటే ఉంటే 20. చిన్న చిన్న చతురాల్లో కనిపించే బొమ్మలను సాఫ్ట్‌వేర్ పలుచన చేసి పంపుతుంది, నిజమే. అయినా బలహీనమైన ఫోన్ దారిలో బొమ్మలు నిండినప్పుడు మాట పొట్లాలు వాటి వెనక ఆగుతాయి. ఆగినవి జారుతాయి. జారినచోట హ్రస్వం దీర్ఘమవుతుంది. పిల్ల ముఖం చూడాలన్న మన ముచ్చట పిల్ల మాటను మింగుతున్నదన్నమాట.

ఇంకొకటి. బి.డి.డి. చాల్ గది 160 చదరపు అడుగులు. వంట, పడక, స్నానం తరువాత బట్టలు మార్చుకోవడం, ముసలివారి మందులు, అన్నీ ఆ ఒక్క గదిలోనే. ఆ గదిని ఇరవై ఇళ్లకు తెరిచి చూపమని పిల్లను బలవంతపెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు? ఆడపిల్లలు తరగతికి రావడం మానుకుంటే అది బద్ధకం అనుకున్నాం. ఎన్నోసార్లు అది మానం.

కెమెరా లేకపోతే పిల్లవాడు వింటున్నాడో ఆడుకుంటున్నాడో ఎలా తెలుస్తుంది, అక్షరం ఎటు తిప్పి వ్రాస్తున్నాడో, నోరు ఎలా తెరుస్తున్నాడో ఎలా చూస్తాం అని నన్ను అడిగిన ఉపాధ్యాయులున్నారు. న్యాయమైన ప్రశ్నలే. నా జవాబు ఇది. ఉపాధ్యాయురాలి నోరు పిల్లలకు కనిపించాలి, కనుక మన కెమెరా ఉండాలి. పిల్లల కెమెరా అవసరమైన రెండు నిమిషాలు, ఒక్కొక్కరిది, అడిగి తెరిపించవచ్చు. నోటుబుక్కు పుటను ఫొటో తీసి పంపితే వీడియోలో కంటే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. వింటున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ప్రశ్న కంటే మంచి సాధనం లేదు. ముఖం చూసి వింటున్నాడనుకున్న పిల్లవాడు నిజానికి అదే తెర మీద ఆట ఆడుతూ ఉండగా ఎన్నిసార్లు పట్టుబడలేదు!

ఇప్పుడు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందుగా బడిలో లేదా సంఘం హాలులో కూర్చుని తరగతి నడిపేవారికి. ఒకసారి మేము ఒక భవనంలో శనివారం తరగతి పెట్టుకున్నాం. అక్కడి కనెక్షన్ మంచి వేగం గలది. అయినా పిల్లల జవాబులు రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చేవి. "ఈ పిల్లలు మందకొడిగా తయారయ్యారు" అని మాలో ఒకరు విసుక్కున్నారు కూడా. కారణం వేరే ఉన్నది. అక్కడి ఫైర్‌వాల్‌లో వెబ్ పుటలకు కావలసిన 443వ నంబరు టీసీపీ పోర్టు మాత్రమే తెరిచి, యూడీపీ మొత్తం మూసి ఉంచారు. దారి మూసి ఉంటే ఈ సాఫ్ట్‌వేర్లు పని ఆపవు. కిక్కురుమనకుండా టీసీపీ దారికి మళ్లుతాయి. ఇటుక జారినప్పుడల్లా వరుస ఆగుతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు. కనుక నెట్‌వర్క్ చూసేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న: "యూడీపీ తెరిచి ఉన్నదా?" జూమ్‌కు యూడీపీలో 3478, 3479, 8801 నుంచి 8810 వరకు, మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు 3478 నుంచి 3481 వరకు, జిట్సీకి 10000, బిగ్‌బ్లూబటన్‌కు 16384 నుంచి 32768 వరకు పోర్టులు కావాలి. ఈ అంకెలు కాగితం మీద వ్రాసి వారి చేతికివ్వండి. బయటికి వెళ్లే దారి మాత్రమే తెరవమంటున్నామని చెప్పండి, వారికి భయం తగ్గుతుంది. సొంత సర్వర్ పెట్టుకున్నవారు మాత్రం సర్వర్ వైపున లోపలికి వచ్చే దారి కూడా తెరవాలి.

సర్వర్ సొంతంగా పెట్టుకోగల బడులకు, సంఘాలకు రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. జిట్సీ ఒకటి. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో 2007లో మొదలై, ప్రత్యేకించి తరగతుల కోసం పెరిగిన బిగ్‌బ్లూబటన్ మరొకటి. జిట్సీలో అందరి బొమ్మలూ పంపకుండా చివరగా మాట్లాడిన కొద్దిమందివే పంపే అమరిక ఉన్నది. దానిని రెండుకో మూడుకో తగ్గించండి. వీడియో నాణ్యత సాధారణంగా 720 గీతలుగా ఉంటుంది, 360కి దించండి. బిగ్‌బ్లూబటన్‌లో పిల్లల కెమెరాలు ఉపాధ్యాయునికి మాత్రమే కనిపించి, తోటి పిల్లలకు కనిపించకుండా చేసే అమరిక ఉన్నది. డేటా మిగులుతుంది, ఆ ఒక్క గది మానమూ మిగులుతుంది. టీమ్స్ నిర్వాహకులు ఒక్కొక్కరి వీడియో, శబ్దాల మొత్తం వేగానికి పరిమితి పెట్టవచ్చు. జూమ్‌లో వీడియో సెట్టింగుల్లో హెచ్‌డీ గుర్తు తీసేయండి. శబ్దం సెట్టింగుల్లో చప్పుళ్ల అణచివేతను తక్కువకు పెట్టండి. పూర్తిగా తీసేస్తే బిందెల చప్పుడే పాఠమవుతుంది, కనుక తక్కువ చాలు.

బయటివారు చొరబడకుండా వేచి ఉండే గది, తెర పంచుకునే హక్కు ఉపాధ్యాయునికి మాత్రమే ఉండడం, ఇవి మరువరాదు. 2020 ఏప్రిల్‌లో మన కేంద్ర హోంశాఖ జూమ్ వాడకం గురించి హెచ్చరిస్తూ సూచనలు ఇచ్చినప్పుడు ముఖ్యంగా చెప్పినవి ఇటువంటివే. తరగతి లంకెను కుటుంబ బృందాలన్నింటిలో పంచవద్దని తల్లిదండ్రులకు నా మనవి.

ఇంటి నుంచి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు. పిల్ల దగ్గర దారి చెడితే ఒక్క పిల్లకే నష్టం. మన దగ్గర చెడితే ఇరవై మందికీ నష్టం. కనుక మొదటి ఖర్చు మన వైపే పెట్టాలి. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు కేబుల్ తీగతో కలపండి. అలా వీలుకాకపోతే వైఫై గురించి ఒక మాట వినండి, ఇది తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. చాల్‌లో ఒక్కో అంతస్తులో ఇరవై గదులు, సగం గదుల్లో రూటర్లు. పాత రకం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి పోతుంది. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలవి మూడే ఛానళ్లు: 1, 6, 11. పదిమంది రూటర్లు ఆ మూడింటిలో కొట్టుకుంటుంటే మాట ఎలా సాగుతుంది? అదే 5 గిగాహెర్ట్జ్ గోడ దాటడానికి కష్టపడుతుంది, ఛానళ్లూ ఎక్కువ. పెద్ద ఇంట్లో అది లోపం. ఒక్క గది ఇంట్లో అదే వరం, పక్కింటి రద్దీ మన గదిలోకి రాదు. మీ రూటర్‌కు, ఫోన్‌కు ఆ సౌకర్యం ఉంటే దానికే కలపండి. రూటర్‌ను ఇనుప బీరువా వెనక పెట్టవద్దు. తరగతి సాగే నలభై నిమిషాలు ఇంట్లో తక్కినవారు సినిమాలు చూడకుండా ఉంటే ఇంకా మంచిది.

తరగతి మొదట్లో రెండు నిమిషాలు వినికిడి పరీక్ష పెట్టండి. నేను వాడే మాటలు ఇవి: గడి, గాడి, గడ్డి, కల, కళ, కల్ల, పడు, పాడు, భాష, బాస. నేను పలికినది పిల్లలు వ్రాసి చూపాలి, తరువాత వారు పలికినది నేను వ్రాసి చూపుతాను. తేడా వస్తే ఆ రోజు దారి బాగాలేదన్నమాట, ఎవరి ఉచ్చారణా దిద్దను. అంకెలు కావాలనుకునేవారు జూమ్ సెట్టింగుల్లో గణాంకాల పుట చూడవచ్చు. ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు, హెచ్చుతగ్గులు 40 మిల్లీసెకన్ల లోపు, జారే పొట్లాలు నూటికి రెండు లోపు ఉంటే నిశ్చింతగా పాఠం చెప్పవచ్చు.

మన అలవాట్లు కూడా రెండు మార్చుకోవాలి. "అందరూ కలిసి చదవండి" అన్నది తరగతి గదిలో చక్కని పద్ధతి. తెర మీద ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో వస్తుంది, అది ఏకకంఠం కాదు, సంత. అందరి మైకులూ మూయించి, మన వెంట ఎవరింట్లో వారు పలికేలా చేసి, తరువాత ఒక్కొక్కరిని వినాలి. రెండవది, పిల్ల చదువుతుంటే "ఊఁ, ఊఁ" అనే మన అలవాటు. ప్రతిధ్వని రాకుండా చూసే అమరిక, మనం మాట్లాడిన క్షణంలో అవతలి గొంతును కొంత అణచివేస్తుంది. మన ప్రతి "ఊఁ" పిల్ల నోటి నుంచి ఒక అక్షరాన్ని తీసుకుపోతుంది. పిల్ల చదివినంతసేపు నోరు మూసుకుని వినడమే ఈ తరగతిలో మర్యాద.

పద్యం అప్పగింతకు, చదివే పరీక్షకు మార్కులు వేయవలసి వస్తే ప్రత్యక్ష తరగతిలో వేయవద్దు. వాట్సాప్ శబ్ద సందేశంగా తెప్పించుకోండి. అది ఆలస్యంగా వచ్చినా పూర్తిగా వస్తుంది, ఒక్క ముక్క జారదు. ఆ తల్లి నాకు నేర్పిన పాఠం ఇదే. ఏ ఇంజినీరూ చెప్పకముందే ఆమె సరైన దారి ఎంచుకున్నది.

చివరగా, ఇదంతా ఎవరి బాధ్యత? మన రాజ్యాంగానికి 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి పాటుపడాలని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతున్నది. ఆనాడు సదుపాయం అంటే గది, బల్ల, పుస్తకం, పంతులు. చెదిరిన పిల్లలకు నేడు సదుపాయం అంటే వీటితో పాటు మాట చెడకుండా చేరే దారి కూడా. తెలుగు తరగతికి ఇంటర్నెట్ ఇచ్చాం అంటే సరిపోదు, హ్రస్వం హ్రస్వంగా చేరుతున్నదా అని అడగడం మన హక్కు. కాని ఆ మాట ముందు మనకు తెలిసి ఉండాలి. నెట్‌వర్క్ చూసేవారికి పోర్టులు తెలుసు, మాత్రలు తెలియవు. మనకు మాత్రలు తెలుసు, పోర్టులు తెలియవు. ఈ ఇద్దరూ ఒక పూట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఆ మాట కలిపే పని తల్లిదండ్రుల సంఘాలు తీసుకోవచ్చు. ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో ఒక్క శనివారం అందుకు కేటాయించండి.

ఆ నాలుగవ తరగతి అమ్మాయి దగ్గరికి తరువాత నేను క్షమాపణతోనే వెళ్లాను. "తప్పు నీది కాదమ్మా, నాకు సరిగా వినిపించలేదు" అన్నాను. వెంటనే నవ్వలేదు. మళ్లీ గొంతెత్తి పద్యం చదవడానికి ఆమెకు చాలా వారాలు పట్టింది. మీ తరగతిలో అలా మౌనంగా ఉన్న పిల్ల ఒకరైనా ఉండే ఉంటారు. ఉచ్చారణ దిద్దే ముందు ఒకసారి దారిని చూడండి.